గ్రుడ్డు పెంకుపై పూలతీగ

గత మాసమున ఈ పుటలో తాటియాకు బుట్టలను గూర్చి ముచ్చటించుకొంటిమి. దానిని చదివి యొక సోదరి నాకు జాబు వ్రాసినది. పొగడ్తతో మొదలిడి తెగడ్తతో ముగించినది. "మీరు చెప్పెడు చేతిపనులన్నియు పదికాలములపాటు ఇంట నిలుచునవే. మా అమ్మ నలువదియేండ్లు వాకిట ముగ్గు పెట్టినది. ప్రొద్దుగూకునప్పటికి అది తొక్కుడుపడి చెరిగిపోయెడిది. అమ్మ పోయినది, ఆమెతో ముగ్గులును పోయినవి. నాకు నాలుగు చుక్కల ముగ్గు తప్ప మరొకటి రాదు. నిలువని పనికై అన్నియేండ్లు నడుము వంచిన ఆమె పాటునకు మీ పుటలో చోటున్నదా?" అని ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పుట నాకు చేతకాలేదు. కాని ఆ జాబు అందిన దినము మొదలు ఒక వస్తువు నా మనస్సున మెదలుచున్నది. అది ముగ్గువలెనే ఆడువారి చేతిలో పుట్టినది, ముగ్గుకంటెను సుకుమారమైనది. చేయి జారినచో ముక్కలగును. అదియే చెక్కడపు గ్రుడ్డు. కోడిగ్రుడ్డు పెంకునకు రంగువేసి, ఆ రంగును సూదిమొనతోడను చాకుమొనతోడను గీకి, తెల్లని పూలతీగలను తేర్చెడు పని యిది.

గ్రుడ్డు పేరెత్తగానే మడివంటయింటి సోదరీమణులు కొందరు పుట తిప్పివేయుదురని యెరుగుదును. తిప్పకుడు. మా యింటిలోనే ఈ తగవు జరిగి తీరినది. ఎట్లు తీరినదో ముందు చెప్పెదను.

మొదట ఈ పనికి గల ప్రాచీనతను గూర్చి నాలుగు మాటలు. దక్షిణాఫ్రికాలో డీప్‌క్లూఫ్ అను కొండచరియ క్రింద సుమారు 60 వేల యేండ్ల నాటి ఉష్ట్రపక్షి గ్రుడ్ల పెంకులు దొరకినవి. వానిపై నిచ్చెనమెట్లవలె అడ్డగీతలు, వరుస తప్పని జంటగీతలు చెక్కబడి యున్నవి. అట్టి ముక్కలు 270 వరకు దొరకినవని 2010లో పండితులు ప్రకటించిరి. అవి నీళ్లు పోసికొను బుర్రల ముక్కలు. ఆ దేశపు సాన్ జాతివారు మొన్నమొన్నటివరకు ఉష్ట్రపక్షి గ్రుడ్డునకు చిన్న రంధ్రము చేసి, నీరు నింపి, బిరడా పెట్టి ఎండకాలమునకై యిసుకలో పాతిపెట్టుకొనెడివారు. ఎవరి బుర్ర యెవరిదో తెలియుటకే గీత గీసిరో, కంటి కింపుగా నుండుటకే గీసిరో, రెండును గలవో! మన కడవపై కుమ్మరి వేసిన చారను చూచి అది యెందులకని మనమడుగుచున్నామా?

దూరదేశపు మాట యేల? మన దేశమునను ఒకప్పుడు ఉష్ట్రపక్షులు తిరిగినవి. మహారాష్ట్రములోని పాట్నేలో సుమారు 25 వేల యేండ్ల నాటి చెక్కిన పెంకుముక్క దొరకినది. రాజస్థానము, మధ్యప్రదేశములలో దొరకిన పెంకులను హైదరాబాదులోని సి.సి.యం.బి. శాస్త్రజ్ఞులు పరీక్షించి, అవి ఆఫ్రికా ఉష్ట్రపక్షి బంధువులవేయని 2017లో తేల్చిరి. 2024లో మన ప్రకాశము జిల్లాలోనే 41 వేల యేండ్ల నాటి ఉష్ట్రపక్షి గూడు బయల్పడినది. మూడువేలకు మించిన పెంకుముక్కలు ఒక్కచోట నుండెను. ఆ గూటి పెంకులపై చెక్కడమున్నదని నేను చెప్పుట లేదు. మన మెట్టనేలలో అంత పెద్ద గ్రుడ్లు పెట్టిన పక్షి తిరిగెనన్న ముచ్చటయే నాకు నాలుగు దినములు నిద్ర పట్టనీయలేదు.

ఇక అసలు కథకు వత్తము. పోలండు దేశపు దక్షిణభాగమున, ఓడ్రా నది యొడ్డున ఓపోలె అను పట్టణము కలదు. ఆ పట్టణములోని యొక దీవిలో త్రవ్వినప్పుడు పదియవ శతాబ్దపు చివరినాటి అలంకరించిన గ్రుడ్లు దొరకినవి. పోలండులో దొరకిన వానిలో అవియే మిక్కిలి పాతవి. ఆ ప్రాంతపు పల్లెలలో నేటికిని ఆడువారు చెక్కెడు గ్రుడ్లను 'క్రొషొంకి' యందురు. ఎరుపునకును అందమునకును అక్కడి భాషలలో ఒకేమూలపు పదము గలదు. దానినుండి పుట్టిన పేరిది. మనము పసుపును సౌభాగ్యమును ఒక్కటిగా తలచినట్లు వారు ఎరుపును సౌందర్యమును ఒక్కటిగా తలచిరి కాబోలు.

ఈ పని ఈస్టరు పండుగకు ముందటి దినములలో సాగును. ఉల్లిపొట్టును నీట మరగించి, ఆ కషాయములో గ్రుడ్లు ఉడకబెట్టుదురు. పొట్టు హెచ్చినకొలది పసుపువన్నెనుండి ముదురు ఇటికవన్నెవరకు రంగు వచ్చును. ఆరిన పిమ్మట ఆ గ్రుడ్డును ఎడమచేత నుంచుకొని, కుడిచేత చాకుమొననో పాత మంగలికత్తి ముక్కనో పట్టి గీకుదురు. రంగు లేచిపోయినచోట తెల్లని పెంకు బయటపడును. ముందు గ్రుడ్డును పట్టీలుగా విభజించి, ఒక్కొక్క అరలో పూవులు, ఆకులు, మొగ్గలు నింపుదురు. మధ్య ఒక శుభాకాంక్షయో ఒక పేరో చెక్కుటయు గలదు. ఒక్క గ్రుడ్డుపై గంటలకొలది పట్టును.

ఈ పనియంతయు చివరకెవరికి? ఈస్టరు మరునాటి సోమవారము పోలండులో పడుచువాండ్రు పడుచులపై నీళ్లు చల్లుదురు. మన పెండ్లిండ్లలోని వసంతములవంటి వేడుక. తడిసిన పిల్ల చల్లినవానికి గ్రుడ్డు బహుమానముగా నియ్యవలెను. ఓపోలె ప్రాంతమున ఆ గ్రుడ్డు మాటలాడెడిది. రంగువేసి యిచ్చినది మర్యాద; తీగెలల్లి, పూవులు పూయించి, రాత్రులు మేలుకొని చెక్కి యిచ్చినది మనస్సు. ఇన్ని మాటలు నోట చెప్పనక్కరలేకుండ ఒక పెంకుముక్కపై చెప్పగలిగిన ఆ పిల్లల నేర్పును తలచినప్పుడు నాకు నవ్వును ముచ్చటయు కలుగుచున్నవి.

కాలక్రమమున ఈ విద్య పెంకును దాటినది. 1960 తరువాతి దశకములో అక్కడి ఆడువారు గ్రుడ్లపై తాము చెక్కెడు పూలతీగలనే పింగాణి గిన్నెలమీదను పళ్లెరములమీదను రంగులతో వ్రాయసాగిరి. ఓపోలె పింగాణియని అది నేడు ప్రసిద్ధి చెందినది. ఊరికి వచ్చినవారు జ్ఞాపకార్థము కొనిపోవుదురు. పండుగనాడు ఒకనికి ఇచ్చి మరచిపోవలసిన గీత ఈ విధముగా అంగడికెక్కి ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చినది. దీనిని చూచి కళ చెడినదని పెదవి విరుచువారున్నారు. నేను వారిలో చేరను. పనిచేసిన చేతికి కూలి ముట్టుట కళకు మైల గాదు. గ్రుడ్డు చెక్కుట మాత్రము ఆగలేదు. ఓపోలె పట్టణములోనే చేరిన బియెర్కోవిత్సెలోని గ్రామీణ మ్యూజియములో మట్టలాదివారపు సంతనాడు చెక్కడపు గ్రుడ్లకు పోటీ జరుగును.

గీకుడు పని ఓపోలెకే సొంతము గాదు. లిథువేనియావారికి గలదు. జర్మనీలో లుసాటియా ప్రాంతమున సోర్బు లను చిన్నజాతివారు గలరు. వారు గీకుదురు, మైనముతో వ్రాయుదురు, ఆమ్లముతో రంగు తినిపించి తెల్లగీత తెత్తురు. బిడ్డకు జ్ఞానస్నానమునాడు తోడునిలిచిన పెద్దలు ఆ బిడ్డకు ఏటేట గ్రుడ్లిచ్చుట వారి యాచారము. హంగేరీలో కమ్మరివాడు తన నేర్పు చూపుటకై గ్రుడ్డునకు చిట్టి ఇనుప లాడములు మేకులతో కొట్టునట. గుఱ్ఱమునకు లాడము కొట్టుట కడుపుకూటికి, గ్రుడ్డునకు కొట్టుట కీర్తికి! స్లొవేనియాలో ఒకరు చిన్న విద్యుత్ బరమాతో పెంకునకు వేలకొలది రంధ్రములు తొలిచి జాలీవలె చేసినారు. చూచుటకు అద్భుతమే గాని అది యంత్రము తోడైన ఒక్కని నేర్పు, పల్లె విద్య గాదు. ఇక రష్యా చక్రవర్తులకు 1885 మొదలు ఫాబెర్జే దుకాణమువారు చేసియిచ్చిన రత్నాల గ్రుడ్లను గూర్చి మీరందరు వినియే యుందురు. మొదటిదానిలో బంగారు పెట్టయు నుండెను గాని పెంకు మాత్రము లేదు. లోకము వాని ధర చెప్పుకొనును. పల్లెపిల్ల ఉల్లిపొట్టు గ్రుడ్డునకు ధర చెప్పువారెవరు?

ఆ గ్రుడ్డునకు విలువకట్టిన ఒక స్త్రీని గూర్చి చెప్పుటకే నేనీ విషయము నెత్తుకొంటిని. ఉక్రెయినులో లుబ్నీ పట్టణమునకు చేరువను కతెరీనా స్కర్జిన్స్కా యను జమీందారిణి యుండెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున ఆమె తన సొంతధనముతో మ్యూజియము నెలకొల్పినది. ఇతర సంపన్నులు కత్తులు, నాణెములు కూర్చుచుండగా ఈమె పల్లెటూరి ఆడువారు పండుగకు చేసికొను గ్రుడ్లను కూర్చినది. రెండువేలకు మించి సమకూరినవి. ఉక్రెయినువారి గ్రుడ్డునకు 'పిసాంక' యని పేరు, అనగా వ్రాసినది. వేడి మైనముతో గీత గీసి, రంగులో ముంచి, మరల గీసి, మరల ముంచి, చివరకు మైనము కరగించినచో అన్ని రంగులును ఒక్కసారి బయటపడును. గీకి చేసినదానికి 'ద్రాపాంక' యని వేరు పేరు. పల్లెలలో ఈ పనిని ఆడువారే, పిల్లలు నిదురించిన పిమ్మట రాత్రివేళ చేసెడివారు. తల్లి గీత కూతురికే, పొరుగింటికి చూపరు.

అక్కడి కార్పతీయ పర్వతముల హుత్సులు జనులలో ఒక కథ కలదు. లోకమును మ్రింగజూచు దుష్టసర్పము నొకదానిని కొండకు గొలుసులతో కట్టియుంచిరట. అది ఏటేట తన భటులను పంపి, ఈ యేడు ఎన్ని గ్రుడ్లు వ్రాసిరో లెక్క పెట్టించును. లెక్క తగ్గినచో గొలుసు వదులగును, హెచ్చినచో బిగియును. వంటయింటి దీపము క్రింద గీత గీయు ముసలవ్వ చేతిలో లోకపు క్షేమమున్నదన్నమాట. ఇంత పెద్ద గౌరవమును ఆడుదాని చిన్నపనికి ఇచ్చిన కథ మరియొకటి నేను వినలేదు.

స్కర్జిన్స్కా మ్యూజియమునకు పాలకుడైన కుల్జిన్స్కీ యనునాయన ఆ గ్రుడ్ల వివరములను, నమూనాల బొమ్మలను చేర్చి 1899లో ఒక గ్రంథమచ్చు వేయించెను. 1906లో ఆమె తన సేకరణను పొల్తావా మ్యూజియమునకు దానము చేసినది. విప్లవములు, యుద్ధములు వచ్చినవి. ఆ జమీందారిణి చివరి దినములు పేదరికమున గడపి 1932లో కన్ను మూసినది. 1943లో యుద్ధపు మంటలలో పొల్తావా మ్యూజియము కాలినది. అందలి వస్తువులనేకము నశించినవి. గ్రంథము మాత్రము నిలిచినది. పెంకులు పోయినను గీతలు బ్రదికినవి. సోవియట్ దినములలో మతమునకు ముడివడిన ఈ యాచారముపై ప్రభుత్వము కన్నెఱ్ఱజేసినప్పుడు, సముద్రములు దాటి వెళ్లిన ఉక్రెయిను కుటుంబముల ఆడువారు కెనడాలోను అమెరికాలోను దీనిని విడువలేదు. కెనడాలోని వెగ్రెవిల్ అను చిన్న యూరిలో 1975లో నిలిపిన మహా పిసాంక గాలికి తిరుగుచు నేటికిని నిలిచియున్నది. ఉక్రెయినులో కొలొమియా పట్టణమున 2000 సంవత్సరమున వెలసిన పిసాంకల మ్యూజియపు కట్టడమే గ్రుడ్డు రూపమున నుండును. 2022 ఫిబ్రవరిలో రష్యా సేనలు ఉక్రెయినుపై విరుచుకొనిపడిన పిమ్మట, 2024 డిసెంబరులో ఉక్రెయిను, ఎస్తోనియా దేశముల పక్షమున పిసాంక కళ యునెస్కోవారి మానవజాతి వారసత్వపు జాబితాలో చేరినది.

ఇక మా యింటి తగవు. ఈ సంగతులన్నియు చదివినపిమ్మట ఊరక కూర్చుండలేక అరడజను గ్రుడ్లు తెప్పించితిని. మా మేనత్తగారు మాతోనే యుందురు. ఎనుబదియేండ్లు దాటినవి. జన్మలో గ్రుడ్డు తాకి యెరుగరు. వసారాలో నా యేర్పాటులు చూచి, "ఏమే అమ్మాయీ, ఈ వయస్సున నీకిదేమి పొయ్యేకాలమే!" అని లేచి పెరటివైపునకు వెడలిపోయిరి. నేనును మొండిదాననే. గ్రుడ్డునకు రెండు ప్రక్కల సూదితో పొడిచి, సొన నూది తీసివేసి, పెంకును కడిగి యారవైచి, రంగువేసి గీకుటకు కూర్చుంటిని. రెండవ ఆకు గీయుచుండగా బొటనవ్రేలి క్రింద పుటుక్కుమనెను. రెండవ పెంకుకూడ అంతే. మూడవదానిని గీకుటకాదు, త్రవ్వితిని. సూది లోపలికి దిగినది. సాయంకాలమునకు నా యెదుట మూడు పగిలిన పెంకులును ఒక గిన్నెడు సొనయు మిగిలినవి. సొన పనిమనిషి పిల్లలకు అట్టు అయినది. పెంకులు పారవేయబోవుచుండగా అత్తయ్యగారు దూరమునుండియే అడిగిరి.

"అందులో లోపలిదేమైనా మిగిలియున్నదా?"

"లేదత్తయ్యా. రెండుమార్లు కడిగితిని. ఇక సున్నమే."

"సున్నమా?"

"సున్నపురాయిలో నుండునదియే పెంకులోనుండును. నూటికి తొంబదియైదు పాళ్లు అదియే. నత్తగుల్లయు అంతే."

ఆమె కొంతసేపు మాటలాడలేదు. అత్తయ్యగారికి తాంబూలము లేక ప్రొద్దుపోదు. గుల్లసున్నము తప్ప రాతిసున్నము ముట్టరు. ఆ సున్నపు కాయ ప్రక్కనే యున్నది. దానివంక నొకమారు, పెంకువంక నొకమారు చూచిరి. "నత్తగుల్ల మాత్రము ఏ ప్రాణి యిల్లు గాదూ? కాల్చి నములుచునే యుంటిని గదా," అని తమలో తామనుకొని, "ఇటు తెమ్ము" అనిరి. పగులు లేని ముక్క నొకదానిని ఏరి యిచ్చితిని. వెలుగునకెదురుగా పట్టి చూచిరి. పెంకు మందము మిల్లీమీటరులో మూడవ వంతు మాత్రమే. ఎండలో పెట్టినచో లోపల దీపము వెలిగించినట్లు ఎఱ్ఱనగును. "ఇంత పలుచనిదానిమీద అంత అదిమి గీసితివేమే? ముగ్గు నేలమీద పోయవలెను గాని గుచ్చుదురా?" అని నాకు పాఠము మొదలు పెట్టిరి.

మరునాడు తెలిసినది, నా తప్పు అంతయు క్రమములోనే యున్నదని. చెక్కదలచిన గ్రుడ్డును ముందుగా ఖాళీ చేయరాదు. లోపల సొన నిండియున్నంతవరకు పెంకు వ్రేలి నొక్కుడును ఓర్చుకొనును. రంగువేసి, చెక్కి, అన్నియు ముగిసిన పిమ్మటనే రెండువైపుల రంధ్రములు చేసి సొన తీయవలెను. లేదా ఓపోలెవారివలె రంగులోనే గట్టిగా ఉడకబెట్టి పని సాగింపవలెను. కాని మన ఎండలలో ఉడికిన గ్రుడ్డు నిలువ యుండదు, దాచుకొనదలచినవారు సొన తీసిన పెంకునే యెన్నుకొనుడు. చేయదలచిన సోదరీమణులకు నేను నేర్చుకొన్న మరికొన్ని మాటలు. రెండు దోసిళ్ల ఉల్లిపొట్టును అరగంట మరగించి, వడగట్టి, పూర్తిగా చల్లారిన పిమ్మట ఒక చెంచా వెనిగరు కలిపి, గ్రుడ్డు నందులో ముంచి రాత్రియంతయు నుంచుడు. వెనిగరు హెచ్చినచో పెంకును తినివేయును, జాగ్రత్త. నాటుకోడి గోధుమవన్నె గ్రుడ్డునకు రంగే యక్కరలేదు; ఆ వన్నె పైపొరలోనే యుండును, గీకినచో క్రింద తెలుపు. బాతుగ్రుడ్డు పెంకు దళసరి, క్రొత్తవారి చేతికి అది మేలు. నాలుగు మడతలు వేసిన గుడ్డపై గ్రుడ్డునుంచి, సీసపుకడ్డీతో గీతలు దిద్దుకొని, మొన చూపక ప్రక్కవాటుగా గీకుడు. ఒక్క గీతకు పదిమార్లు తేలికగా. ఒక్కమారు బలముగా వలదు. గీకినపుడు రేగు పొడిని నోటితో ఊదక తడిగుడ్డతో తుడువుడు. పచ్చిసొన తగిలిన చేతులను, గిన్నెలను సబ్బుతో కడుగుట మరువరాదు.

మా యత్తయ్యగారు నా చాకును ముట్టలేదు. గోనెసంచులు కుట్టు దబ్బనము తెప్పించుకొనిరి. రెండేండ్లనుండి ఆమె వాకిట ముగ్గు పెట్టుట లేదు. మోకాళ్లు వంగవు, నడుము వంగదు. చేయి మాత్రము వణకదు. ధనుర్మాసమున తెల్లవారుజామున కిటికీ ప్రక్క కుర్చీలో కూర్చుండి, నేను పెట్టుచున్న ముగ్గునకు లోపములెన్నుచు కాలము గడపెడివారు. ఇన్నినాళ్లకు ఆమె యొడిలోనికి వచ్చు వాకిలి ఒకటి దొరకినది.

నాలుగవ గ్రుడ్డుపై నేను ఓపోలెవారి పూవును దించబూనితిని. ఐదవదానిపై ఆమె చుక్కలు పెట్టిరి. "నడుమ తొమ్మిది. సందు చుక్క. అటు అయిదు, ఇటు అయిదు వచ్చువరకు" అనుచు దబ్బనపు మొనతో పెంకుచుట్టును పెట్టుచు పోయిరి. కొసలకు పోయినకొలది గ్రుడ్డు సన్నగిల్లును, చుక్కలును తగ్గును. ఆ రెంటికిని పొత్తు కుదురునని నాకు తోచనేలేదు. పిదప చుక్కలచుట్టును మెలిక మొదలైనది. ఎత్తిన దబ్బనము దించకుండ, వెనుకకు మరలకుండ, ప్రక్కచుక్కను చుట్టి, తన మొదటిగీత క్రిందుగా దూరి పోవుచున్నది. ఉక్రెయినువారి గ్రుడ్లపైనను ఇట్టి మెలిక యొకటి కలదు. దానిని అంతులేని గీతయందురు. ఆ దేశపు ముసలవ్వయు మా యత్తయ్యగారును ఒకరి నొకరు ఎరుగరు. ఒకరినుండి ఒకరు నేర్చిరనుటకు ఆధారమేమియు లేదు, నేను కల్పింపను. కాని ఒకరి గ్రుడ్డు నొకరు చూచుకొన్నచో ఎక్కడ తప్పుపోయినదో ఇట్టే పట్టుకొనెడివారు.

మా మనుమరాలు వచ్చి తన ఫోనులో ఆ గ్రుడ్డును నలుదిక్కుల నుండి చిత్రము తీసినది. "ఇక నిలిచిపోయినది నాయనమ్మా, భయములేదు" అన్నది. నేనును మొదట అట్లే తలచితిని. రాత్రి ఆ చిత్రమును చూచి కాగితముపై ముగ్గు దించబోతిని, రాలేదు. పూర్తియైన గీత కనబడుచున్నది గాని అది యెచట మొదలైనదో, ఏ చుక్క దగ్గర ఎటు మరలినదో చిత్రములో లేదు. 1899 నాటి ఆ గ్రంథములోని బొమ్మలకును ఇదియే కొరత యైయుండును. చేయి నడచిన త్రోవ చేతినుండియే నేర్చుకొనవలెను. అందువలన ఇప్పుడు ప్రతి మధ్యాహ్నము గళ్ల పుస్తకము నొకటి పట్టుకొని అత్తయ్యగారి ప్రక్కను కూర్చుండుచున్నాను. ఆమె చెక్కుచున్నకొలది నేను చుక్కల లెక్కను, గీత మొదలును, మలుపులను అంకెలు వేసి వ్రాసికొనుచున్నాను. ఇంతవరకు పదునొకండు ముగ్గులు వచ్చినవి. తాబేలు, పద్మము, కనుమ వెళ్లిన పిమ్మటి రథము వచ్చినవి. తన అత్తగారు నేర్పినదొకటి మూడువంతులు జ్ఞాపకమున్నది, నాలుగవ వంతు లేదు. దానిని పట్టుకొని నాలుగు దినములుగా నిద్రలోను గాలిలో వ్రేలు తిప్పుచున్నారు.

జాబు వ్రాసిన సోదరికి నా మనవి యిది. మీ అమ్మగారి ముగ్గులను ఆమెతో కూడ చూచినవారు మీ పిన్నమ్మలో, మేనత్తలో, వీధిలోని పెద్ద ముత్తైదువలో ఎవరేని యుందురు. గళ్ల పుస్తకము తీసికొని వారి యింటికి పొండు. గ్రుడ్డు తీసికొనిపోవలెనో వలదో వారి మడినిబట్టి మీరే నిశ్చయించుకొనుడు. పలక యైనను చాలును.

ఈ పుట ముగించుచుండగా వసారానుండి పిలుపు వచ్చినది. చెక్కుచున్న గ్రుడ్డును కంటికి దగ్గరగా పట్టుకొని అత్తయ్యగారు విసుగుకొనుచున్నారు.

"ఎడమవైపున ఒక చుక్క తప్పిపోయినదే. దీనిని పోనిమ్ము. రేపటికి ఇంకొకటి కడిగి పెట్టుము. ఈమారు బాతుది తెప్పింపుము."